కంది గింజలోనే ఉంది పాల మీటరు: పాలలో యూరియా ఎంతో చెప్పే బయోసెన్సర్ కథ



మా పొలంలోకి యూరియా బస్తా వచ్చి పదేళ్లు దాటింది. ఘనజీవామృతం, ద్రవజీవామృతం, కషాయాలు, వీటితోనే మా వ్యవసాయం. అలాంటిది పోయిన మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే మా గేదెల పాలు "యూరియా ఉంది" అని వెనక్కి వచ్చాయి.

"బాబాయ్, ఏమీ అనుకోవద్దు. మందు వేస్తే పసుపు తిరిగింది. పోయించుకుంటే రేపు నాకు మాటొస్తుంది" అన్నాడు కేంద్రంలో పాలు పోయించుకునే కుర్రాడు. వాడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, వాడి మీద కోపం లేదు. కానీ నా వెనకాల క్యాన్లు పట్టుకుని పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన "ప్రకృతి వ్యవసాయం అంటే ఇదేనా అన్నా?" అని నవ్వాడు. ఆ పూట పాలడబ్బు పోయినందుకు బాధ లేదు. ఆ నవ్వు మాత్రం నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

నేను కుర్రాణ్ణి ఒక్కటే అడిగాను. "ఎంత ఉందిరా?"

"ఎంతో తెలీదు బాబాయ్. పసుపు తిరిగిందంటే ఉన్నట్టే."

ఆ "ఎంత" అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పరికరమే ఇవాళ మన విషయం. దాన్ని ఎంజైమ్ బయోసెన్సర్ అంటారు. పేరు చూసి భయపడకండి. అందులో అసలు పనిచేసే సరుకు మన పొలంలో పండే కంది గింజలో, మనం ఉమ్మేసే పుచ్చ గింజలో కూడా ఉంది. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం. ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష వీడియోలో చూపించాం, పద్ధతి కింద వివరంగా రాశాను.

యూరియా వెయ్యకపోయినా పాలల్లో యూరియా ఉంటుంది

ముందు ఈ సంగతి తెలియాలి. చాలామంది రైతులకు తెలియక, కేంద్రంలో నిందపడితే సమాధానం చెప్పలేకపోతున్నారు.

పశువు మేతలో మాంసకృత్తులు తింటుంది. దాని పెద్దపొట్టలో ఉన్న సూక్ష్మజీవులు వాటిని విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ అమ్మోనియాలో కొంత వాడుకుని ఆ సూక్ష్మజీవులు పెరుగుతాయి, మిగిలింది రక్తంలోకి పోతుంది. అమ్మోనియా విషం కాబట్టి కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. ఆ యూరియా ఎక్కువగా మూత్రంలో పోతుంది, కొంత పాలలోకీ వస్తుంది. అంటే ఏ ఆవు పాలైనా, ఏ గేదె పాలైనా, ఒంగోలైనా ముర్రా అయినా, యూరియా లేని పాలు లేవు. మామూలుగా 100 మి.లీ. పాలలో 20 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మేతను బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది.

అందుకే మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా యూరియా అసలు ఉండకూడదు అని చెప్పలేదు. 700 పీపీఎం వరకు ఉండొచ్చు అంది. మన లెక్కలో 100 మి.లీ.కి సుమారు 70 మిల్లీగ్రాములు, లీటరుకు 0.7 గ్రాము. అది దాటితేనే తప్పు.

కాబట్టి "యూరియా ఉందా, లేదా" అన్న ప్రశ్నే సరైంది కాదు. "ఎంత ఉంది" అన్నదే సరైన ప్రశ్న.

కల్తీ చేసేవాడు ఎందుకు కలుపుతాడు?

పాలలో నీళ్లు పోస్తే వెన్నతో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాకుండా మిగిలే ఘనపదార్థం కూడా పడిపోతుంది. లాక్టోమీటరు కిందికి దిగుతుంది. దాన్ని మళ్లీ పైకి లేపడానికి చక్కెర, ఉప్పు, యూరియా లాంటివి కలుపుతారు. యూరియా చౌక, నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. పైగా అందులో నత్రజని ఉంటుంది. మాంసకృత్తుల్ని నత్రజని లెక్కతో కొలిచే పద్ధతి ఉంది కదా, దాన్ని కూడా మోసం చేస్తుంది. 2008లో చైనాలో పాలలో మెలమైన్ కలిపి పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చిందీ ఈ నత్రజని మోసంతోనే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఎస్‌ఎన్‌ఎఫ్ కేవలం 0.1 శాతం పెరగాలంటే లీటరు పాలకు సుమారు ఒక గ్రాము యూరియా కలపాలి. అంటే 100 మి.లీ.కి 100 మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. సహజంగా ఉన్న 30తో కలిపి 130 అవుతుంది. అంతకంటే తక్కువ కలిపితే కల్తీదారుడికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అర్థమైంది కదా? నిజాయితీ పాలకూ కల్తీ పాలకూ మధ్య అంకెల్లో పెద్ద తేడా ఉంది. మేత అటూ ఇటూ అయితే 45, 50 రావచ్చు. కావాలని కలిపితే 100 దాటుతుంది. అంకె తెలిస్తే తగువే లేదు. అంకె తెలియక రంగు చూసి తీర్పు చెబితేనే తగువు.

అలాగని ప్రతి పాల ప్యాకెట్టూ విషమే అని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మక్కర్లేదు. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. కల్తీ లేదని కాదు. కానీ అనుమానం మాత్రం పాలు పోసే ప్రతివాడి మీదా పడుతోంది.

రంగు పరీక్ష ఎక్కడ ఆగిపోతుంది?

కేంద్రాల్లో ఎక్కువగా చేసేది డీఎంఏబీ అనే మందుతో పరీక్ష. గాజు గొట్టంలో పాలు పోసి, ఆ మందు అంతే కొలతలో కలుపుతారు. యూరియా ఉంటే పసుపు రంగు వస్తుంది. పరీక్ష మంచిదే, చౌక కూడా. కానీ సహజంగా ఉన్న యూరియాకే లేత పసుపు వస్తుంది, కలిపిన యూరియాకు చిక్కటి పసుపు వస్తుంది. లేత ఎక్కడ ఆగింది, చిక్కన ఎక్కడ మొదలైంది? అది చూసేవాడి కన్ను, ఆ గదిలో వెలుతురు, పక్కన పెట్టి పోల్చుకోవడానికి మంచి పాల గొట్టం ఉందా లేదా, వీటి మీద ఆధారపడుతుంది. తెల్లవారుజామున ట్యూబులైటు కింద, హడావిడిలో, పోల్చుకునే గొట్టం లేకుండా చూస్తే పొరపాటు జరిగే వీలుంది.

పెద్ద డెయిరీల్లో ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలుంటాయి. ఒకే నమూనాతో వెన్న, మాంసకృత్తులు, యూరియా అన్నీ చెబుతాయి. కానీ వాటి ధర ఊరి కేంద్రం మోసేది కాదు. రంగు గొట్టానికీ లక్షల యంత్రానికీ మధ్యలో ఉన్న ఖాళీలోకి వచ్చేదే బయోసెన్సర్.

కొట్టంలో ఘాటు వాసన: ఎంజైమ్ పనే

పొద్దున్నే కొట్టం తలుపు తీస్తే ముక్కు అదిరే ఘాటు వాసన వస్తుంది కదా? అది అమ్మోనియా. మూత్రంలో ఉన్న యూరియాను పేడలో ఉన్న సూక్ష్మజీవులు విడగొడితే వచ్చిన వాసన అది. ఆ విడగొట్టే కత్తి పేరే యూరియేజ్. అది ఒక ఎంజైమ్.

యూరియేజ్‌కు ఒక గుణం ఉంది. చుట్టూ చక్కెర ఉన్నా, వెన్న ఉన్నా, ఉప్పు ఉన్నా దానికి పట్టదు. యూరియా దొరికితే మాత్రం వదలదు. ఒక యూరియా అణువును నీటితో కలిపి రెండు అమ్మోనియాలుగా, ఒక కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. పాలలో నేరుగా యూరియాను కొలవడం కష్టం, ఎందుకంటే అది ఏ చడీచప్పుడూ లేకుండా కరిగి కూర్చుంటుంది. కానీ అమ్మోనియా అలా కాదు. నీళ్లలో కరిగితే విద్యుదావేశం ఉన్న అమ్మోనియంగా మారుతుంది, ద్రవాన్ని క్షారం వైపు లాగుతుంది. ఇవన్నీ పరికరంతో కొలవచ్చు.

బయోసెన్సర్ రహస్యం ఇంతే. గుర్తుపట్టే పని ఎంజైమ్‌ది, కొలిచే పని ఎలక్ట్రోడ్‌ది. దూడను వాసనతో గుర్తుపట్టేది తల్లి, తూకం వేసేది కాటా అన్నట్టు.

చమ్మకాయ చుట్టం నుంచి నోబెల్ దాకా

ఈ ఎంజైమ్ కథలో ఒక గింజ ఉంది. మన పెరట్లో పాకే చమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్‌బీన్. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ అనే శాస్త్రవేత్త ఈ గింజల పిండి నుంచి యూరియేజ్‌ను శుద్ధంగా తీయాలని 1917లో మొదలుపెట్టాడు. ఎడమచేతి వాటం మనిషి. పదిహేడేళ్ల వయసులో వేటకు వెళ్లినప్పుడు తూటా తగిలి ఆ ఎడమచేయే పోయింది. కుడిచేత్తో అన్నీ మళ్లీ నేర్చుకుని ప్రయోగశాలలో నిలబడ్డాడు.

తొమ్మిదేళ్లు పట్టింది. 1926లో ఆ పిండిని నీళ్లు కలిపిన ఎసిటోన్‌తో కలిపి, వడకట్టిన ద్రవాన్ని చలిలో ఉంచి, సూక్ష్మదర్శిని కింద చూస్తే స్ఫటికాలు కనిపించాయి. ఎంజైమ్ అంటే ఒక మాంసకృత్తి అని లోకానికి అలా తెలిసింది. చాలాకాలం పెద్ద పెద్దవాళ్లు నమ్మలేదు. చివరికి 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.

తరువాత 1962లో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్‌కు జోడించవచ్చని రక్తంలో గ్లూకోజు విషయంలో చెప్పారు. ఇవాళ ఇంటింటా ఉన్న షుగర్ మిషన్ ఆ ఆలోచన సంతానమే. 1969లో గిల్‌బాల్ట్, మోంటాల్వో యూరియేజ్‌ను అమ్మోనియం ఎలక్ట్రోడ్ మీద నిలబెట్టి యూరియాను కొలిచారు. పాల యూరియా సెన్సర్లకు పునాది అదే.

సెన్సర్ తయారీ: ఐదు మెట్లు

ప్రయోగశాలలో ఇది ఎలా తయారవుతుందో మన భాషలో చెప్పుకుందాం.

మొదటి మెట్టు, గింజ నుంచి ఎంజైమ్ తీయడం. గింజల్ని నానబెట్టి, చల్లటి బఫర్ ద్రావణంలో రుబ్బి, వడకడతారు. తరువాత వేగంగా తిప్పే యంత్రంలో వేస్తే పిప్పి అడుగున చేరుతుంది. మన వెన్నతీసే మిషన్ తిరిగినట్టే అన్నమాట. పైన తేరిన ద్రవంలో యూరియేజ్ ఉంటుంది. దాన్ని ఇంకా శుద్ధి చేస్తారు. పని మొత్తం చల్లగా జరగాలి, వేడి తగిలితే ఎంజైమ్ చస్తుంది.

రెండో మెట్టు, దాన్ని ఒకచోట కట్టి ఉంచడం. ఎంజైమ్‌ను ఊరికే పాలలో కలిపేస్తే ఒక్క పరీక్షతో ఖర్చైపోతుంది. కట్టేస్తే మళ్లీ మళ్లీ వాడొచ్చు. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ జిగురులో ఎంజైమ్ కలిపి, కాల్షియం ద్రావణంలోకి చుక్కలు చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యంలాంటి పూసలు తయారవుతాయి. ఎంజైమ్ ఆ పూసల్లో చిక్కుకుంటుంది, పాలు మాత్రం లోపలికీ బయటికీ తిరుగుతాయి. ఇది ఒక పద్ధతి. జెలటిన్ పొరలో పట్టి ఉంచడం, బంగారు నానో కణాల మీద అంటించడం ఇంకొన్ని పద్ధతులు.

మూడో మెట్టు, కొలిచే భాగం. అమ్మోనియం పెరిగితే ఓల్టేజి మారే ఎలక్ట్రోడ్ ఒక రకం. పీహెచ్ మార్పు కొలిచేది ఇంకో రకం. యూరియా విడిపోయేటప్పుడు పుట్టే కొద్దిపాటి వేడిని పట్టేది మరో రకం. రంగు మార్పును లెన్సుతో చదివేవీ ఉన్నాయి.

నాలుగో మెట్టు, తూకంరాళ్లతో సరిచూడడం. కొత్త కాటా కొంటే ముందు తెలిసిన రాయి పెట్టి చూస్తాం కదా? అలాగే తెలిసిన కొలతలో యూరియా కలిపిన ద్రావణాలు, ఉదాహరణకు 100 మి.లీ.కి 20, 40, 70, 100 మిల్లీగ్రాములు, ఒక్కొక్కటే సెన్సర్‌కు చూపిస్తారు. ఏ కొలతకు ఎంత ఓల్టేజి వచ్చిందో గీత గీస్తారు. తరువాత తెలియని పాలు పెడితే ఆ గీత మీద చూసి అంకె చెబుతుంది. ఈ ఓల్టేజి పెరుగుదల మామూలు కాటాలాగా ఉండదు. 25 డిగ్రీల వద్ద అమ్మోనియం పదింతలు పెరిగితే మారేది సుమారు 59 మిల్లీవోల్టులే. అంటే ఒక్క మిల్లీవోల్టు తప్పు చదివితే జవాబులో 4 శాతం తేడా వస్తుంది. మీటరు ఎంత నికరంగా ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఐదో మెట్టు, నిజం పాలలో పరీక్ష. నీళ్లలో బాగా పనిచేసిన సెన్సర్ పాలలో తడబడుతుంది. అసలు కష్టమంతా ఇక్కడే.

పాలు పెట్టే తిప్పలు

పాలు నీళ్లు కావు. అందులో పొటాషియం బాగా ఉంటుంది. ఆవు పాలైతే 100 మి.లీ.లో సుమారు 140 నుంచి 150 మిల్లీగ్రాములు. అమ్మోనియం ఎలక్ట్రోడ్‌కు పొటాషియం కవల తమ్ముడిలా కనిపిస్తుంది, దాన్ని కూడా కొంత లెక్కేసేస్తుంది. అందుకే ఎంజైమ్ ఉన్న ఎలక్ట్రోడ్ పక్కనే ఎంజైమ్ లేనిది ఇంకోటి పెట్టి, రెండింటి తేడా తీసుకుంటారు. లేదా పాలను పల్చన చేసి కొలుస్తారు.

రెండోది, పాలకు పీహెచ్ మారకుండా ఆపుకునే గుణం ఉంది. అందులోని కేసిన్, ఫాస్ఫేటులు కొత్తగా పుట్టిన క్షారాన్ని మింగేస్తాయి. కాబట్టి పీహెచ్ సెన్సర్‌ను నీళ్లతో సరిచూసి పాలలో పెడితే తక్కువ చూపిస్తుంది. తూకంరాళ్లు కూడా పాలలోనే తయారుచేసుకోవాలి.

మూడోది వెన్న. గేదె పాల వెన్న ఎలక్ట్రోడ్ పొర మీద పేరుకుంటే లోపలికి యూరియా సరిగా పోదు. ప్రతి నమూనాకూ కడగాలి.

నాలుగోది వేడి. అప్పుడే పితికిన పాలు, చల్లబెట్టిన పాలు ఒకే వేగంతో స్పందించవు. ఎంజైమ్ వెచ్చదనంలో చురుగ్గా, చల్లదనంలో బద్ధకంగా పనిచేస్తుంది. అన్ని నమూనాలూ ఒకే వేడిలో కొలవాలి.

ఐదోది, పాడవుతున్న పాలు. వాటిలో ముందే అమ్మోనియా ఉండొచ్చు. దాన్ని ముందుగా కొలిచి తీసెయ్యకపోతే యూరియా ఎక్కువ చూపిస్తుంది.

ఆరోది చాలా ముఖ్యం. పాదరసం, వెండి, రాగి లాంటి లోహాలు యూరియేజ్‌ను చంపేస్తాయి. ఎంజైమ్ చచ్చిపోతే మీటరు "యూరియా లేదు" అంటుంది. అది నిజం సున్నానో, చచ్చిన సున్నానో ఎలా తెలుస్తుంది? అదే పాలలో తెలిసినంత యూరియా కలిపి మళ్లీ కొలవాలి. కలిపినంతా చూపిస్తే సెన్సర్ బతికి ఉన్నట్టు. చూపించకపోతే దాని మాట నమ్మకూడదు.

మన దేశంలో జరిగిన పని

ఈ పనిలో మనవాళ్లు వెనకబడి లేరు. పాల సహకారానికి పుట్టిల్లయిన ఆనంద్ పక్కనే వల్లభ్ విద్యానగర్ ఉంది. అక్కడి సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓల్టేజి కొలిచే పాల యూరియా సెన్సర్‌ను 2009లో ప్రచురించారు. గోవాలోని బిట్స్ పిలానీ క్యాంపస్‌లో వేడి కొలిచే పద్ధతి మీద పని జరిగింది. వారణాసిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో అరవింద్ కాయస్థ బృందం మన కంది గింజలోని యూరియేజ్‌ను శుద్ధి చేసి, ఆల్జినేట్ పూసల్లో కట్టి ఏళ్ల తరబడి పరిశోధించింది.

2024లో అదే వారణాసి నుంచి ఇంకో కబురు వచ్చింది. ఐఐటీ బీహెచ్‌యూలో ప్రాంజల్ చంద్ర, బీహెచ్‌యూలో అరవింద్ కాయస్థ బృందాలు కలిసి పుచ్చ గింజల యూరియేజ్‌తో పాల యూరియా సెన్సర్ చేశారు. ఆ ఎంజైమ్‌ను బంగారు నానో కణాలు, గ్రాఫీన్ ఆక్సైడ్ కలిసిన పొర మీద అంటించారు. ఎండాకాలం పుచ్చకాయ తిని మనం ఉమ్మేసే గింజ అది!

ప్రయోగశాల నుంచి ఊరి కేంద్రానికి రావడం మాత్రం వేరే ప్రయాణం. కరెంటు పోయే చోట, ఫ్రిజ్ లేని చోట, వందమంది క్యూలో ఉన్న చోట ఆ ఎంజైమ్ పొర ఎన్ని రోజులు బతుకుతుంది, ఒక్కో పరీక్షకు ఎంత పడుతుంది అన్నదే ఏ సెన్సర్‌కైనా అసలు పరీక్ష.

ఇంట్లో కందిపిండి పరీక్ష

మీటరు వచ్చేలోగా మన చేతిలో ఒకటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తన కల్తీ పరీక్షల పుస్తకంలో చెప్పిన పద్ధతే ఇది. ఒక చెంచా పాలకు అర చెంచా పచ్చి కందిపిండి గానీ సోయాపిండి గానీ వేసి బాగా కలపాలి. ఐదు నిమిషాలు ఆగి, ఎర్ర లిట్మస్ కాగితం ముంచి అర నిమిషం ఉంచి తీయాలి. కాగితం నీలంగా మారితే యూరియా ఉన్నట్టు.

పచ్చి పిండి అన్నాను, గుర్తుంచుకోండి. అన్నంలో నెయ్యేసుకుని తినే కందిపొడి పనికిరాదు, అది వేయించింది. వేయిస్తే యూరియేజ్ చస్తుంది. ఎండలో ఆరిన మన కందుల్నే మెత్తగా విసురుకోండి.

ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పొద్దు. నాలుగు గ్లాసులు పెట్టండి.

మొదటి దాంట్లో మీ చేత్తో పితికిన మీ పశువు పాలు. రెండో దాంట్లో మీరు పరీక్షించాలనుకున్న పాలు. మూడో దాంట్లో మీ పాలకే లీటరుకు ఒక గ్రాము లెక్కన యూరియా కలిపినవి. మన ఇంట్లో యూరియా ఉండదు కదా, పక్క పొలం ఆయన్ని చిటికెడు అడిగి తెచ్చుకోండి, నవ్వితే నవ్వనివ్వండి! నాలుగో దాంట్లో మూడో గ్లాసు పాలే పోసి, పచ్చి పిండి బదులు నీళ్లలో పావుగంట ఉడికించి చల్లార్చిన కందిపిండి వెయ్యండి.

మూడోది ముందుగా, బాగా నీలమవుతుంది. నాలుగో దాంట్లో యూరియా ఉన్నా నీలం తిరగదు, ఎందుకంటే ఎంజైమ్ ఉడికి చచ్చిపోయింది. పనిచేసింది పిండి కాదు, పిండిలోని ఎంజైమ్ అని మీ కళ్లతో మీరే చూస్తారు. మొదటిదాన్నీ రెండోదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. పరీక్ష అయ్యాక నాలుగు గ్లాసుల పాలూ పారబోయండి, పిల్లలకు గానీ దూడలకు గానీ అందనివ్వొద్దు.

ఇది అంకె చెప్పదు, తేడా మాత్రమే చెబుతుంది. నిందపడితే అంకె కోసం ప్రయోగశాలకే వెళ్లాలి.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. యూరియా కలిపిన దాణా వాడేవాళ్లు మీ చుట్టుపక్కల ఉంటే చెప్పండి, పచ్చి సోయాతో కలిపి పెట్టకూడదు. పచ్చి సోయాలో ఉన్న ఇదే యూరియేజ్ ఆ యూరియాను ఒక్కసారిగా అమ్మోనియా చేస్తే పశువు ప్రాణానికే ముప్పు.

మా పాల సంగతి ఏమైంది?

నేను ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే కేంద్రం కుర్రాణ్ణి మా కొట్టానికి పిలిచాను. వాడి ముందే పితికి, వాడి చేతే సీసాలో పోయించి, మూత మీద సంతకం పెట్టించి, మంచుగడ్డల మధ్య పెట్టి ప్రయోగశాలకు తీసుకెళ్లాను. 100 మి.లీ.కి 48 మిల్లీగ్రాములు వచ్చింది. పరిమితి 70. కల్తీ లేదని తేలింది. కానీ మామూలు కంటే ఎక్కువన్న మాటా తేలింది.

కారణం ఇంటికొచ్చాక మా ఆవిడే చెప్పింది. "పదిహేను రోజుల్నుంచి గడ్డి మానేసి పిల్లిపెసరే కదా వేస్తున్నారు" అంది. నిజమే. వరి కోశాక మాగాణిలో చల్లిన పిల్లిపెసర విపరీతంగా వచ్చింది, పచ్చిది కదా అని పూటపూటా అదే వేశాం. పైన పత్తిగింజల చెక్క. మాంసకృత్తులు ఎక్కువైపోయాయి, వాటిని వాడుకునే శక్తినిచ్చే మేత చాల్లేదు. మిగిలిన అమ్మోనియా అంతా యూరియా అయి పాలలోకి వచ్చింది.

పిల్లిపెసర తగ్గించి వరిగడ్డి, జొన్నచొప్ప కలిపాం. చెక్క కొంత తగ్గించి మొక్కజొన్న రవ్వ పెట్టాం. మూడు వారాల తరువాత మళ్లీ చూపిస్తే 31. పాలు తగ్గలేదు, చెక్క ఖర్చు మాత్రం తగ్గింది.

యూరియా అంకెను దొంగను పట్టే అంకె అనుకున్నాను ఇన్నాళ్లూ. అది నా మేత తొట్టికి అద్దం కూడా అని అప్పుడు తెలిసింది. ఎక్కువగా వస్తే ఖరీదైన మాంసకృత్తులు మూత్రంలో పారబోస్తున్నట్టు. యూరియా బాగా ఎక్కువున్న పశువుల్లో చూలు నిలిచే అవకాశం తగ్గుతుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. మరీ తక్కువ వస్తే మేతలో మాంసకృత్తులు చాలట్లేదని అర్థం. ఒక్క మాట గుర్తుంచుకోండి. కొన్ని ప్రయోగశాలలు యూరియా బదులు "మిల్క్ యూరియా నైట్రోజన్" అని రాస్తాయి. దాన్ని 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. 15 అని చూసి 15 మిల్లీగ్రాముల యూరియా అనుకోవద్దు, అది 32.

మీటరు కొనే ముందు ఈ ఐదు అడగండి

రేపు మీ సంఘానికి గానీ ఎఫ్‌పీఓకు గానీ ఎవరైనా ఇలాంటి సెన్సర్ అమ్మజూపితే ఇవి అడగండి.

1. ఉందా లేదా అని చెబుతుందా, అంకె చెబుతుందా? 40కీ 80కీ తేడా స్పష్టంగా చూపిస్తుందా?
2. దేనితో సరిచూశారు? నీళ్లతోనా, పాలతోనా? మన గేదె పాలతో చూశారా?
3. పాలలో ముందే ఉన్న అమ్మోనియాను, పొటాషియాన్ని ఎలా తీసేస్తుంది?
4. ఎంజైమ్ పొర ఎన్ని పరీక్షలకు, ఎన్ని రోజులకు వస్తుంది? ఫ్రిజ్ కావాలా? మార్చుకుంటే ఎంత?
5. తెలిసినంత యూరియా కలిపి మా ముందే కొలిచి చూపిస్తారా?

ఐదోదానికి వెనకాడేవాడి దగ్గర కొనొద్దు.

ఒక్క రైతు మోయలేని ఖర్చును ఒక ఊరు కలిసి మోయొచ్చు. కేంద్రంలో ఒక మీటరు, దాని పక్కన ఒక నోటు పుస్తకం, ప్రతి ఇంటి పాల అంకె వారానికోసారి అందులో రాయడం. ఆ పుస్తకం ఉంటే ఒకరోజు అంకె ఎగిరినప్పుడు మేత మారిందా, ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది పాత అంకెల్ని బట్టే సగం తెలిసిపోతుంది. క్యాన్ పట్టుకుని క్యూలో నిలబడ్డ నిజాయితీ రైతు తల దించుకోనక్కర్లేదు.

మా కేంద్రం కుర్రాడు ఇప్పుడు డీఎంఏబీ పరీక్ష చేసేటప్పుడు పక్కన మంచి పాల గొట్టం ఒకటి తప్పకుండా పెట్టుకుంటున్నాడు. ఆ రోజు నవ్విన ఆయన పోయిన వారం ఇంటికొచ్చి "అన్నా, మా గేదెకు చూలు నిలవట్లేదు, పాలు ఎక్కడ చూపించావు?" అని అడిగాడు. చిరునామా రాసిచ్చాను.

మీరు కందిపిండి పరీక్ష చేసి చూస్తే, నాలుగు గ్లాసుల్లో ఏది ఎంతసేపటికి నీలమైందో రాసి పంపండి. పాలు పోసే మీ తోటి రైతులకు ఈ సంగతి చెప్పండి.